చప్పుడు లేని బ్యాండ్ సాధన: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా ఆర్కెస్ట్రా సాధన గది ఒక ఇంటి మేడ మీద ఉంది. నేను కీబోర్డు వాయిస్తాను. ఎలక్ట్రానిక్ డ్రమ్స్, బేస్ గిటార్, ఇద్దరు గాయకులు కలిపి మొత్తం ఐదుగురం. పగలు ఎవరి పని వాళ్లది కాబట్టి కూర్చునేది రాత్రి తొమ్మిది దాటాకే. గదిలో స్పీకరు లేదు. వాద్యాలూ మైకులూ అన్నీ, శబ్దాలను కలిపి పాళ్లు సరిచేసే మిక్సర్‌లోకి వెళ్తాయి, అక్కడి నుంచి హెడ్‌ఫోన్ల ద్వారా అందరి చెవులకూ చేరతాయి. ఏడేళ్లుగా ఇదే పద్ధతి. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ వైపు నుంచి తోటి వాద్యకారులు తరచూ అడిగే సందేహాలకు నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

అపోహ: రాత్రి పది లోపు ఎంత గట్టిగా వాయించినా తప్పు లేదు.

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. మామూలు డ్రమ్ సెట్టు పక్కన నిలబడితే 100 డెసిబెళ్లు దాటడం సాధారణం. గోడ దాటేసరికి కొంత తగ్గినా 55 లోపుకు రావడం కష్టమే. పక్కింట్లో ఇంటర్ పరీక్షలకు చదువుకునే అమ్మాయి ఉంటే, గడియారం చూపించి వాదించడం న్యాయం కాదు.

అపోహ: గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం బయటికి పోదు.

పోతుంది. ఆ అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి, అంతే. శబ్దాన్ని ఆపేవి గోడ బరువు, సందు లేని తలుపులు. పైగా అట్టలకు నిప్పు సులువుగా అంటుకుంటుంది.

అపోహ: ఎలక్ట్రానిక్ డ్రమ్స్ పెట్టుకుంటే కింది ఇంటికి ఏమీ వినబడదు.

మేమూ అలాగే అనుకున్నాం. మొదటి వారంలోనే కింది వాటాలో ఉండే అవ్వ మెట్లెక్కి వచ్చి, "బిడ్డా, రాత్రిపూట వడ్లు దంచుతున్నారా?" అని అడిగింది. ఆమె నిద్ర చెడగొట్టామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి మావాళ్లను వాయించమని చెప్పి నేను ఆమె వరండాలో నిలబడి విన్నాను. పాట లేదు, స్వరం లేదు. కాలితో తొక్కి వాయించే కిక్ పెడల్ పడినప్పుడల్లా ధబ్, ధబ్ మంటూ కప్పులోంచి మోత దిగుతోంది. మా గది నేల షాబాద్ బండలు. కాలి దెబ్బ గాలిలోంచి కాకుండా బండలోంచి స్లాబులోకి, అక్కడి నుంచి గోడల్లోకి పాకుతోంది. తివాచీ పరిస్తే పుల్లల టకటక తగ్గింది గాని ఈ దెబ్బ తగ్గలేదు. చివరికి రెండు ప్లైవుడ్ పలకల మధ్య, పిల్లలు గల్లీలో క్రికెట్ ఆడే టెన్నిస్ బంతులు ఇరవై దాకా అమర్చి, డ్రమ్స్ మొత్తం దాని మీదకు ఎక్కించాం. బంతులు దొర్లిపోకుండా కింది పలకకు గుండ్రటి రంధ్రాలు కోయించాం. బంతి రబ్బరు, లోపలి గాలి కలిసి అదురును మింగేస్తాయి. అవ్వ మళ్లీ ఫిర్యాదుతో రాలేదు. సంక్రాంతికి సకినాలు పంపింది.

అపోహ: బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కొంటే తీగల గొడవే ఉండదు.

వినడానికి బ్లూటూత్ హాయి, వాయించడానికి పనికిరాదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 150 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నిమిషానికి 100 దెబ్బల వేగంలో, ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేసే చతురశ్ర గతిలో 'త-క-ది-మి' అనుకుంటే ఒక్కో అక్షరానికి 150 మిల్లీసెకన్లు. అంటే మీరు వాయించిన 'త' మీ చెవికి 'క' దగ్గర వినబడుతుంది. చెవిని నమ్మి చెయ్యి వెనక్కి తగ్గుతుంది, దానితో పాట నడక జారిపోతుంది. వేదిక మీద మూడు మీటర్ల దూరంలో ఉన్న స్పీకరు శబ్దం మనల్ని చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లే. అంతవరకు సర్దుకోగలం. కాబట్టి తీగ ఉన్నవి, చెవిని పూర్తిగా మూసేవి తీసుకోండి.

అపోహ: హెడ్‌ఫోన్లో కరెంటు మోత (హమ్) వస్తుంటే ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేస్తే సరి.

దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మైకు పట్టుకున్న మనిషి ప్రాణం ఆ పిన్ను మీద ఆధారపడి ఉంటుంది. అన్ని పరికరాలకూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే మోత చాలావరకు పోతుంది. పోకపోతే, వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి. అది కరెంటు ఎర్త్‌ను తాకదు, శబ్దం తీగలోని ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది.

అపోహ: చెవులు మూసుకుని వాయిస్తే కలిసి వాయించిన భావం పోతుంది.

చాలాచోట్ల పోతుంది కూడా. కారణం మిక్స్, అంటే ఎవరి చెవికి ఏ శబ్దం ఎంత పాళ్లలో అందుతుందన్నది. ఒకే తీగను చీల్చి అందరికీ ఇస్తే గాయకుడికి తన గొంతు చాలదు, డ్రమ్మర్‌కు బేస్ చాలదు. కనీసం రెండు ఆక్స్ అవుట్లు (విడి మిక్స్‌ను బయటికి పంపే దారులు) ఉన్న మిక్సర్ ఉంటే గాయకులకు ఒక మిక్స్, వాద్యాలకు ఒక మిక్స్ విడిగా కలిపి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కు పంపవచ్చు. ఒక మైకును మాటలకే ఉంచండి. అది లేకపోతే "చరణం మళ్లీ" అని చెప్పడానికి కూడా అందరూ హెడ్‌ఫోన్లు తీయాల్సి వస్తుంది. ఒకరి ముఖం ఒకరికి కనబడేలా గుండ్రంగా కూర్చోండి. గాయకులు ఒక చెవి సగం తెరిచి ఉంచుకుంటే శ్రుతి నిలుస్తుంది.

స్పీకర్ల మోతలో సాధన చేసిన రోజుల్లో మా బేస్, కిక్ కలిసే పడుతున్నాయని ఏళ్లపాటు నమ్మాం. హెడ్‌ఫోన్లలో విన్న మొదటి రాత్రే బేస్ తీగ కొంచెం ముందుగా పలుకుతోందని తెలిసింది. బేస్ వాయించే తమ్ముడి ముఖం వాడిపోయింది. రెండు నెలలు ఆ ఒక్క విషయం మీదే కూర్చున్నాం. ఇప్పుడు ఆ రెండూ ఒకే దెబ్బగా పడినప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: బయటికి శబ్దం రాదు కాబట్టి చెవులకూ ప్రమాదం లేదు.

ఉంది. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు ఎనిమిది గంటలు అన్నది పనిచేసే చోట్లకు నిపుణులు సూచించే కొలత. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. "నన్ను కొంచెం పెంచు" అని ఎవరైనా అడిగితే మేం మిగతావాటిని తగ్గిస్తాం. సాధన ముగిశాక చెవిలో గుయ్యిమంటే ఆ రోజు ఎక్కువైనట్టే.

అపోహ: ఇక స్పీకర్లతో సాధన అక్కర్లేదు.

కార్యక్రమానికి ముందు కనీసం ఒక్కసారైనా కావాలి. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి కూతపెట్టడం హెడ్‌ఫోన్లో తెలియదు. డప్పు సంగతి మరీ వేరు. నిప్పుల సెగకు తోలు బిగించి, సిర్ర, సిటికెన పుల్లలతో వాయించే ఆ వాద్యానికి ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లోని శబ్దం సాటి రాదు. మా జిల్లాలోని చెర్వుగట్టు జాతర ముందు ఆదివారాల్లో డప్పు కళాకారులతో కలిసి పగటిపూట పానగల్ వైపు, ఇళ్లకు దూరంగా ఉన్న ఖాళీ స్థలంలో కూర్చుంటాం. ఆ రోజు హెడ్‌ఫోన్లు సంచిలోంచి తీయం.