ఇరుముడిలో కొబ్బరికాయ: సెక్యూరిటీ చెక్ దగ్గర వాదన ఎందుకొచ్చింది?

శబరిమలకు విమానంలో వెళ్లే స్వాములకు చాలా ఏళ్లపాటు ఎయిర్‌పోర్ట్‌లో ఒకే చోట ఇబ్బంది ఎదురైంది. ఇరుముడిలోని కొబ్బరికాయను చేతి సామానుతో అనుమతించబోమని, చెక్-ఇన్ లగేజీలో వేయమని తనిఖీ సిబ్బంది చెప్పేవారు. గురుస్వామి పూజ చేసి, కాయలో నెయ్యి నింపి, తలకెత్తిన ముడిని పెట్టెల మధ్య పడేయడానికి ఏ స్వామికీ మనసొప్పదు. నిషేధిత జాబితాలో ఉన్న వస్తువును తన ఇష్టంతో వదిలే అధికారం అక్కడి జవానుకూ లేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే గొడవ జరిగేది.

కొబ్బరి మీద అనుమానానికి మూలం ఎండు కొబ్బరి. దానిలో నూనె ఎక్కువ. తేమ, వేడి తగిలితే ఆ నూనె గాలితో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది, గాలాడని చోట నిప్పు కూడా అంటుకోవచ్చు. అందుకే అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల పట్టికలో ఎండు కొబ్బరికి యూఎన్ 1363 అనే నంబరుంది, ‘తనంతట మండే పదార్థాలు’ అనే 4.2 తరగతిలో. 2022లో మన దేశంలోనూ దాన్ని చెక్-ఇన్ లగేజీ నిషేధిత జాబితాలో చేర్చారు. నీళ్లున్న పచ్చి కాయకు ఆ స్వభావం లేదు. అయినా మండే గుణం ఉందన్న కారణంతోనే కాయనూ క్యాబిన్‌లోకి రానివ్వలేదు.

ఈ జాబితాలు రాసేది బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, అంటే బీసీఏఎస్. 1976 సెప్టెంబర్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కు హైజాక్ చేశాక వేసిన కమిటీ సిఫార్సుతో 1978 జనవరిలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో చిన్న విభాగంగా మొదలైంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబుతో పేలి 329 మంది చనిపోయారు. ఆ తర్వాత 1987 ఏప్రిల్ 1 నుంచి అది స్వతంత్ర శాఖ అయింది. 1999 డిసెంబర్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 హైజాక్ తర్వాత విమానాశ్రయాల కాపలా రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ చేతికి మారడం మొదలైంది. తొలి విమానాశ్రయం జైపూర్, 2000 ఫిబ్రవరిలో. మనకు ట్రే దగ్గర కనిపించేది సీఐఎస్ఎఫ్, రూల్ రాసేది బీసీఏఎస్. జవానుతో ఎంత వాదించినా ఫలితం లేకపోవడానికి కారణమిదే.

2024 అక్టోబర్‌లో రూల్ మారింది. 2025 జనవరి 20 వరకు శబరిమల యాత్రికులు ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లో తీసుకెళ్లవచ్చని బీసీఏఎస్ అనుమతించింది. షరతు మూడు తనిఖీలు: ఎక్స్-రే, పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే ఈటీడీ యంత్రం, చేత్తో తనిఖీ.

ఎక్స్-రే తెర మీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలంలో కనిపిస్తాయి. పేలుడు పదార్థాలు కూడా చాలావరకు సేంద్రియాలే. నెయ్యి గడ్డకట్టిన కాయ తెర మీద గుండ్రని దట్టమైన నారింజ ముద్దలా పడుతుంది కాబట్టి, ముడిని పక్కకు తీయడం అవమానించడం కాదు. తర్వాత చిన్న పట్టీతో ముడిపై రుద్ది యంత్రంలో పెడతారు, కొన్ని సెకన్లలో ఫలితం వస్తుంది. ఎరువుల్లోని నైట్రేట్లు, లోషన్లలోని గ్లిజరిన్ కూడా ఒక్కోసారి అలారం మోగిస్తాయి. పొలంలో ఎరువు చల్లిన చేతులతో, అదే సంచితో బయల్దేరకండి. ముడి విప్పాల్సి వస్తే ‘మేమే విప్పి చూపిస్తాం’ అని మర్యాదగా అడగండి. ట్రేలో పెట్టేముందే ‘ఇరుముడి, లోపల నెయ్యి కాయ ఉంది’ అని చెబితే సగం పని తేలిక.

మినహాయింపు కాయకే. కర్పూరం మండే ఘన పదార్థం, దానికి విమానంలో చోటు లేదు. అగ్గిపెట్టె కూడా అంతే. ఈ రెండూ కొండ దగ్గర కొనుక్కోవడమే మంచిది. విడిగా సీసాలో నెయ్యి తీసుకెళ్లేవారు ముందే ఎయిర్‌లైన్స్‌ను అడగాలి. తిరుగు ప్రయాణంలో శబరిమల ప్రసాదమైన అరవణ డబ్బాలు చిక్కటి పాయసం కనుక చెక్-ఇన్‌లో వేయడం మేలు.

సమస్య పూర్తిగా తీరలేదు. 2025 సీజన్‌కు అనుమతిని నవంబర్ 28న ప్రకటించారు, గుడి తెరుచుకున్న చాలా రోజులకు. మళ్లీ 2026 జనవరి 20 వరకే. శబరిమల ప్రతి మలయాళ నెల మొదట్లోనూ, ఏప్రిల్‌లో వచ్చే విషు పండగ సమయంలోనూ తెరుచుకుంటుంది. అప్పుడు వెళ్లే స్వాములు ఈ గడువుల్లో లేరు. మూడు తనిఖీలతో జనవరిలో సురక్షితమైన కాయ ఏప్రిల్‌లోనూ సురక్షితమే కదా! ఏటా ప్రకటన కోసం ఎదురుచూడకుండా, ఈ మినహాయింపును బీసీఏఎస్ తన శాశ్వత జాబితాలోనే రాయాలి.