చూస్తే తెలిసిన మాట అడిగితే ఎందుకు రాదు?

జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్న నర్సులు ఇప్పుడు మన దగ్గర చాలామందే ఉన్నారు. అక్కడ పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి దాకా వెళ్ళాలి. ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో అది నాలుగోది. కొందరు నైట్ డ్యూటీ చేసి వచ్చి క్లాసులో కూర్చుంటారు, కొందరు ఉద్యోగం మానేసి అప్పు తెచ్చి ఫీజు కడతారు. వాళ్ళ నోటుబుక్కు తెరిస్తే ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు ఇంగ్లీషు అర్థం, పక్కన పెన్సిల్‌తో తెలుగు. పేజీ చూస్తే అన్నీ తెలిసినవే. పేజీ మూసి 'కిటికీ'ని జర్మన్‌లో ఏమంటారని అడిగితే మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది.

దానికి తమ జ్ఞాపకశక్తినే తప్పు పట్టుకుంటారు చాలామంది. నిజానికి వాళ్ళ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు. వాళ్ళు సాధన చేసింది మాటను చూసి గుర్తుపట్టడం. పరీక్షలోనూ ఆసుపత్రిలోనూ కావలసింది, ఏ ఆధారమూ లేకుండా మాటను తెచ్చుకోవడం. ఇవి రెండు వేరు పనులు, ఒకటి చేస్తే రెండోది దానంతట అది రాదు.

దీన్ని చక్కగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 2008లో జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. 'మషువా' అంటే పడవ, అలాంటివి. జాబితా చదవడం, తర్వాత చూడకుండా చెప్పడం, మళ్ళీ చదవడం, మళ్ళీ చెప్పడం. ఒక మాటను ఒకసారి సరిగ్గా చెప్పాక ఏం చేయాలన్న దగ్గర విద్యార్థులను నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టు అన్ని మాటలనూ చదువుతూ, చెబుతూ పోయింది. రెండో జట్టు, వచ్చిన మాటను ఇక చదవలేదు కానీ చెప్పడం మానలేదు. మూడో జట్టు, వచ్చిన మాటను చదువుతూనే ఉంది కానీ మళ్ళీ చెప్పలేదు. నాలుగో జట్టు రెండూ వదిలేసింది.

ఆ రోజు సాధన ముగిసేసరికి నాలుగు జట్లకూ జాబితా మొత్తం వచ్చేసింది. వారం తర్వాత పిలిచి అడిగితే, చెప్పడం మానని రెండు జట్లకూ దాదాపు 80 శాతం మాటలు గుర్తున్నాయి. చెప్పడం ఆపేసిన రెండు జట్లకూ మూడో వంతుకు అటూఇటూగా మిగిలాయి. మాట వచ్చాక దాన్ని ఇంకా ఎన్నిసార్లు చదివినా దాదాపు ఏ తేడా రాలేదు. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి: వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే, నాలుగు జట్లూ ఇంచుమించు సగం అనే చెప్పాయి. ఎవరి పద్ధతి పనిచేస్తోందో, ఎవరిది చేయడం లేదో వాళ్ళకే తెలియలేదు. చదువుతున్నప్పుడు హాయిగా సాగిపోతే బాగా వచ్చినట్టు అనిపిస్తుంది, తడుముకుంటూ చెప్పాల్సి వస్తే రావడం లేదని దిగులు పడతాం. భాష నేర్చుకునేవాళ్ళను ఎక్కువగా దారి తప్పించేది ఈ అంచనాయే.

మన బళ్ళలో ఎక్కాలు, శతక పద్యాలు నేర్పిన తీరులో దీనికి సరిపోయే పని ఒకటి ఉండేది: అప్పజెప్పించుకోవడం. పుస్తకం పక్కన పెట్టి, పంతులుగారి ముందు నిలబడి చెప్పాలి. బట్టీ చదువులను తిట్టే ఊపులో దాన్ని కూడా వదిలేశామని నా అభిప్రాయం. అర్థం తెలియని దాన్ని వల్లె వేయడం వల్ల లాభం లేదన్నది నిజమే. అర్థం తెలిసిన మాటను చూడకుండా చెప్పించడం మాత్రం దండగ కాదు, అసలు నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. నోటుబుక్కులో జర్మన్ వైపు చేత్తో మూసి, తెలుగు మాట చూసి, జర్మన్ మాటను పైకి అనాలి. 'ఫెన్‌స్టర్' అని ఊరుకోకుండా 'దస్ ఫెన్‌స్టర్' అనాలి, ఎందుకంటే జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, అది తర్వాత విడిగా అతికించుకునేది కాదు. రాకపోతే వెంటనే చెయ్యి తీయకుండా కాసేపు తన్నుకులాడాలి.

మళ్ళీ ఎప్పుడు చెప్పుకోవాలన్నది రెండో ప్రశ్న. హ్యారీ బారిక్ అనే పరిశోధకుడు, ఆయన భార్య, ఇద్దరు కూతుళ్ళు కలిసి తమ మీదే చేసుకున్న అధ్యయనం 1993లో అచ్చయింది. తలా 300 విదేశీ మాటలు తీసుకుని, కొన్నిటిని 14 రోజులకోసారి, కొన్నిటిని 28 రోజులకోసారి, కొన్నిటిని 56 రోజులకోసారి సాధన చేశారు. ఏళ్ళ తర్వాత చూసుకుంటే, 56 రోజుల ఎడంతో 13 సార్లు చేసింది, 14 రోజుల ఎడంతో 26 సార్లు చేసినదానికి సాటిగా నిలిచింది. సగం సాధనతో అంతే ఫలితం. ఎడం ఎక్కువైతే ప్రతిసారీ ఎక్కువ మరిచిపోయి ఉంటాం, కాబట్టి చేస్తున్నప్పుడు కష్టంగానే ఉంటుంది. 'మూడు నెలల్లో బీ1' అనే క్రాష్ కోర్సుల్లో ఈ ఎడానికి చోటే ఉండదు. పరీక్ష గట్టెక్కవచ్చు, విమానం ఎక్కేనాటికి ఎంత మిగులుతుందన్నదే సందేహం.

మాటలు వచ్చినంత మాత్రాన చెవికి అందుతాయని లేదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో, ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరేడు నెలల పసిపిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను పట్టేశారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలామటుకు పోయింది, ఎందుకంటే ఇంట్లో ఆ తేడాతో పనిలేదు. మనకు త, ట తేడా పుట్టుకతో వచ్చినంత సహజం. మన చెవికి అలాగే అందనివి జర్మన్‌లో ఉన్నాయి. 'ఇప్పటికే' అనే అర్థంలో ఒక మాట, 'అందమైన' అనే అర్థంలో ఇంకో మాట ఉన్నాయి. మన వాళ్ళు రెండింటినీ నోట్సులో 'షోన్' అనే రాసుకుంటారు. రెండో మాటలోని అచ్చు పలకాలంటే నాలుకను 'ఏ' దగ్గర ఉంచి, పెదాలను 'ఓ'కు చుట్టినట్టు చుట్టాలి. అద్దం ముందు నిలబడి చేసి చూస్తే తెలుస్తుంది.

చెవి పెద్దయ్యాక కూడా మారుతుంది. జపనీయులకు ఇంగ్లీషులోని ర, ల తేడా వినడం చాలా కష్టం. 1991లో ఇండియానా విశ్వవిద్యాలయంలో వాళ్ళకు అనేక గొంతుల్లో మాటలు వినిపించి, ఏది విన్నారో చెప్పమని, తప్పో ఒప్పో అప్పటికప్పుడే తెలియజేస్తూ వెళ్తే మెరుగుపడ్డారు. తర్వాతి ప్రయోగంలో ఒక్క గొంతుతోనే నేర్పితే, ఆ నేర్పు కొత్త గొంతుల దగ్గర పనిచేయలేదు. క్లాసులో సార్ జర్మన్ అంతా అర్థమై, పరీక్ష ఆడియోలో ఏమీ అర్థం కాని వాళ్ళకు కారణం ఇదే కావచ్చు. ముసలివాళ్ళ గొంతు, పిల్లల గొంతు, ఫోన్లో గొంతు, అన్నీ వినిపించాలి.

వ్యాకరణం దగ్గర మనకున్న ఒక వసతిని మనమే వాడుకోవడం లేదు. 'డాక్టరు ఈరోజు వస్తారని నాకు తెలుసు' అన్న వాక్యంలో మన క్రియ 'ఈరోజు' తర్వాత వస్తుంది. జర్మన్ ఉపవాక్యంలోనూ అంతే: 'డేర్ ఆర్ట్స్‌ట్ హొయ్‌టె కోమ్‌ట్', వరసగా డాక్టరు, ఈరోజు, వస్తారు. ఇంగ్లీషులో 'వస్తారు' ముందుకు దూకుతుంది. మన క్లాసుల్లో జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగానే చెబుతారు, అందువల్ల తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి, తనకు తెలిసిన వరసను వదిలి ఇంగ్లీషు వరసలోకి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి రావాలి. మామూలు వాక్యంలో జర్మన్ క్రియ రెండో స్థానంలో ఉంటుంది, అక్కడ ఇంగ్లీషు కొంత ఆసరా అవుతుంది. ఎక్కడ ఏది దగ్గరైతే అక్కడ ఆ భాషతో చెప్పే టీచర్లు కావాలి. జపనీస్‌లో ఈ పోలిక ఇంకా గట్టిది. 'నిన్న కొన్న పుస్తకం' అనడానికి అక్కడ 'కినో కట్టా హోన్', మాటకు మాట అదే వరస. అమెరికా దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ తెలుగుకు దాదాపు 44 వారాలు, జపనీస్‌కు 88 వారాలు పడుతుందని లెక్క వేసింది. అది ఇంగ్లీషు వాళ్ళ లెక్క. వాక్య నిర్మాణం వరకు మనకు అంత దూరం లేదు, లిపి కష్టం మాత్రం మనకూ వాళ్ళకూ ఒకటే.

టీచర్లు తప్పు దిద్దే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 'నేను వెళ్ళాను' అనడానికి ఒకమ్మాయి 'ఇష్ హాబె గెగాంగెన్' అంది. 'హాబె' తప్పు, 'బిన్' రావాలి. సార్ 'ఇష్ బిన్ గెగాంగెన్, గుడ్, నెక్స్ట్' అని ముందుకు వెళ్ళిపోతే, తనను దిద్దారన్న సంగతే ఆ అమ్మాయికి తెలియకపోవచ్చు. 1997లో రాయ్ లిస్టర్, లైలా రాంటా అనే పరిశోధకులు కెనడాలో ఫ్రెంచ్ నేర్పే తరగతులను గమనిస్తే, టీచర్ల దిద్దుబాట్లలో 55 శాతం ఇలాంటివే. వాటికి విద్యార్థి ఏదో ఒకలా స్పందించింది 31 శాతం సార్లే. దీనికి బదులు సార్ 'ఇష్...?' అని ఆగి, ఆమె వైపు చూస్తూ ఉంటే? అలా విద్యార్థి చేతే చెప్పించబోయిన ప్రతిసారీ ఆ తరగతుల్లో స్పందన వచ్చింది. ఆ మూడు సెకన్ల మౌనాన్ని క్లాసు ఓర్చుకోవాలి, మిగతావాళ్ళు అందించకూడదు, నవ్వకూడదు. సిగ్గుతో నోరు మూసుకుపోయేది అక్కడే కాబట్టి ఈ మర్యాద పాటించేలా చూడటం కూడా టీచర్ పనే.

వినీ వినీ అదే వచ్చేస్తుందని నమ్మేవాళ్ళకు కూడా జవాబు కెనడాలోనే ఉంది. 1965 నుంచి అక్కడ ఇంగ్లీషు పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో చెప్పే బడులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి చదివిన ఆ పిల్లలకు ఫ్రెంచ్ వాళ్ళతో దాదాపు సమానంగా అర్థమయ్యేది, మాట్లాడితే మాత్రం వ్యాకరణం తప్పేది. తరగతిలో వాళ్ళు నోరు విప్పి పూర్తి వాక్యాలు మాట్లాడే అవకాశాలు తక్కువని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు గుర్తించారు.

వయసు మీద పడిందన్న బెంగ అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషు వాళ్ళను 1978లో పరిశీలిస్తే, మొదటి నెలల్లో చిన్నపిల్లలకంటే టీనేజర్లూ పెద్దవాళ్ళే వేగంగా నేర్చుకున్నారు.

నర్సుల క్లాసుకు నేను ఒకటి తప్పనిసరి చేస్తాను. షిఫ్ట్ మారేటప్పుడు పేషెంటు వివరాలు తర్వాతి నర్సుకు అప్పగించాలి కదా, దాన్నే పాఠం చేయాలి. న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ రాసిన పద్ధతి ఒకటుంది: ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. బెడ్ నంబర్, జ్వరం ఎంత, రాత్రి ఏ మందు ఇచ్చారు, ఉదయం ఏ టెస్టు ఉంది. మొదటిసారి తడబాటు ఉంటుంది. మూడోసారికి అవే వాక్యాలు ఎక్కువ తడుముకోకుండా వస్తాయి, వినే మనిషి ప్రతిసారీ కొత్తవారు కాబట్టి విసుగూ ఉండదు. అదే పేషెంటు గురించి నోట్సు చూడకుండా రెండు వారాల తర్వాత ఇంకోసారి చెప్పించాలి.