చలికాలంలో రోజుకో ఫొటో: అపోహలు – వాస్తవాలు

చలి ముదరగానే చాలామంది కెమెరాను బ్యాగులో సర్దేసి అటక మీద పెట్టేస్తారు. ఎండలు వచ్చాక చూద్దాంలే అంటారు. నాకు మాత్రం ఏడాదిలో ఇంత పని ఉండే కాలం ఇంకొకటి లేదు. చలికాలమంతా రోజూ బయటికి వెళ్లి నగరాన్ని, దాన్ని ఆనుకుని ఉన్న నీళ్లను, చెట్లను తీస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు వింటుంటే, వాళ్లను ఆపుతున్నది చలి కాదనీ, ఎవరో చెప్పగా నమ్మిన మాటలేననీ అనిపిస్తుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: మబ్బు పట్టిందంటే ఆ రోజు ఫొటో లేనట్టే.

ఈ ఒక్క నమ్మకం వదిలేస్తే రోజూ ఫొటో తీయడం సగం సులువైపోతుంది. మబ్బు రోజున వెలుతురు ఒకవైపు నుంచి కాకుండా ఆకాశం మొత్తం నుంచి దిగుతుంది. గట్టి నీడలు పడవు. తడిసిన బెరడు మీది పాచి, తుప్పు పట్టిన రెయిలింగు, పాత ఇటుక గోడ ఎండలో కంటే ఆ వెలుతురులోనే నిండు రంగుతో కనిపిస్తాయి. ఎండ ఉన్నప్పుడు వాటి మీద పడే తళుకు రంగును కప్పేస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఆకాశం విషయంలోనే. ఏమీ లేని తెల్లటి ఆకాశం ఫ్రేములో మూడోవంతు ఉన్నా చూసేవాళ్ల కన్ను అక్కడికే పోతుంది. అందుకే మబ్బు రోజుల్లో వంతెన మీద నుంచో, మెట్ల మీద నుంచో కిందికి చూస్తూ తీస్తాను. ఆకులు రాలిన చెట్టు విషయం వేరు. కొమ్మల అల్లిక, వేసవిలో ఆకుల చాటున ఎవరికీ కనపడని గూళ్లు, అన్నీ ఆ తెల్లటి ఆకాశం ముందే స్పష్టంగా తెలుస్తాయి. అలాంటి చెట్టు దొరికితే ఎండ రోజున దాని జోలికే వెళ్లను.

అపోహ: పొగమంచు ఉంటే చాలు, ఎలా తీసినా బాగుంటుంది.

ఇది నమ్మి ఇంటికొచ్చి చూసుకుంటే ఫొటోలన్నీ బూడిద రంగులో ఉంటాయి. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్, ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో పనిచేస్తుంది. పొగమంచునో, నేల మీద పేరుకున్న మంచునో చూపిస్తే, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగు) మనమే పెంచాలి. పొగమంచుకు ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టండి, ఎండ పడుతున్న మంచుకు ప్లస్ 2 దాకా కూడా అవసరం కావచ్చు. పెంచాక హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపే గ్రాఫు) చూడండి. గుట్ట కుడివైపుకి జరగాలి కానీ కుడి గోడకు అతుక్కోకూడదు. అతుక్కుందంటే అక్కడ మంచు మీద వివరాలు పోయినట్టే, తర్వాత ఎంత ఎడిట్ చేసినా తిరిగి రావు.

ఫోకస్ ఇంకో తలనొప్పి. పొగమంచులో కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఉండదు కాబట్టి లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. దగ్గర్లో ఉన్న దీపస్తంభం అంచు మీదో, చెట్టు మొదలు మీదో ఫోకస్ పెట్టి లాక్ చేసుకుంటే సరిపోతుంది. ముదురు రంగు వస్తువు ఒకటి దగ్గర్లో ఉండటం ఫొటోకూ మంచిదే. అది ఉంటేనే వెనక ఉన్నవి ఒక్కొక్కటిగా మసకబారుతున్నట్టు తెలుస్తుంది. ఫ్లాష్ వెలిగిస్తే గాల్లోని నీటి బిందువులు తెల్ల చుక్కలై మెరుస్తాయి, దాన్ని ఆపేయండి.

పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టరు) పెడితే పొగమంచు తగ్గుతుందని కూడా అంటుంటారు. తగ్గదు. తడి రోడ్డు మీది మెరుపును, నీటి మీది ప్రతిబింబాన్ని తగ్గించడానికి మాత్రం అది చాలా బాగా పనికొస్తుంది.

పొగమంచు ఎప్పుడు పడుతుందో ముందే ఊహించవచ్చు. ఆకాశం తేటగా ఉండి, గాలి లేని, తేమ ఉన్న పొడవాటి రాత్రి నేల తన వేడిని పోగొట్టుకుంటుంది. దాని మీది గాలి చల్లబడి పొగమంచు కడుతుంది. చాలాసార్లు సూర్యోదయం తర్వాత కొద్దిసేపటికి ఇంకా చిక్కబడుతుంది. తెల్లవారింది కదా అని వెనక్కి తిరిగితే అసలైన అరగంట పోతుంది.

అపోహ: పొద్దున్న, సాయంత్రం తప్ప మిగతా టైమంతా వేస్టు.

వేసవికి ఇది చాలావరకు నిజం, చలికాలానికి కాదు. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడో తెలియాలంటే 90 లోంచి మీ అక్షాంశాన్ని, ఇంకో 23.5ని తీసేయండి. 40 డిగ్రీల అక్షాంశంలో వచ్చేది 26.5 డిగ్రీలే. 60 దగ్గర 6.5. అంటే అక్కడ మధ్యాహ్నం 12కి కూడా సాయంత్రపు ఎండలాంటి ఎండే, నీడలు పొడవుగానే ఉంటాయి.

నగరంలో దీని ప్రభావం గమ్మత్తుగా ఉంటుంది. ఎత్తైన భవనాల మధ్య వీధులు రోజంతా నీడలోనే ఉంటాయి. ఎక్కడో రెండు భవనాల సందులోంచి ఎండ ఒక పట్టీలా రోడ్డు మీద పడి, కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. ఎదురుగా అద్దాల భవనం ఉంటే దాని మీద నుంచి వెనక్కి పడిన వెలుతురు నీడలో ఉన్న గోడ మీద అలలు అలలుగా కదులుతుంది. ఆ పట్టీ ఏ టైముకు ఎక్కడ పడుతుందో రాసిపెట్టుకోండి. మర్నాడు దాదాపు అదే టైముకు అక్కడే పడుతుంది, మనిషి నడిచి వచ్చేదాకా కాచుకుని నిలబడితే చాలు.

ఇంకో సంగతి. ఏడాదిలో అతి చిన్న పగలు రోజునే పొద్దు అన్ని రోజులకంటే ముందు గుంకుతుందని అనుకుంటారు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అది డిసెంబరు 7, 8 తేదీల్లో జరుగుతుంది. అన్నిటికన్నా ఆలస్యపు సూర్యోదయం జనవరి మొదటి వారంలో వస్తుంది. పొద్దు గుంకాక ఆకాశం ముదురు నీలంగా మారి వీధి దీపాలతో సమానమయ్యే కొద్ది నిమిషాలే నగరానికి అత్యంత అందమైన సమయమని నా అభిప్రాయం. చలికాలంలో అది ఆఫీసులు, దుకాణాలు తెరిచి ఉండగానే వస్తుంది కాబట్టి కిటికీలన్నీ వెలుగుతూ ఉంటాయి.

అపోహ: చలికి కెమెరా పాడైపోతుంది.

చాలా కెమెరాలకు తయారీదారులు పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అని రాస్తారు. అంతకంటే చలిలో స్క్రీన్ మందగిస్తుంది, బ్యాటరీ త్వరగా డౌన్ అవుతుంది. ఆ బ్యాటరీ చచ్చిపోలేదు, చల్లబడిందంతే. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. రెండు బ్యాటరీలు మార్చి మార్చి వాడతాను.

అసలు ప్రమాదం వెచ్చటి ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు వస్తుంది. గదిలోని తేమ చల్లటి లెన్స్ మీద, లోపలి భాగాల మీద నీరై కూర్చుంటుంది. దీనికి మందు చాలా చవక. గుమ్మం బయటే మెమరీ కార్డు తీసేసి, కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి మూయండి. లోపలికొచ్చాక గంటా రెండు గంటలు దాన్ని ముట్టుకోవద్దు. నీరు కవర్ పైన పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రానికి కార్డు చేతిలోనే ఉంది కదా.

అపోహ: మంచి కెమెరా కావాలి, రోజూ కొత్త చోటికి వెళ్లాలి.

1893 ఫిబ్రవరిలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో మంచు తుపానులో తీసిన ఫొటో చేత్తో పట్టుకునే కెమెరాతో తీసినది. అప్పట్లో అలాంటి కెమెరాను చాలామంది సీరియస్‌గా తీసుకునేవారు కాదు. సరైన క్షణం కోసం మూడు గంటలు నిలబడ్డానని ఆయనే చెప్పుకున్నారు. ఇవాళ్టి ఫోను అంతకంటే తక్కువదేమీ కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: నైట్ మోడ్ చాలా ఫ్రేములను కలుపుతుంది కాబట్టి కురుస్తున్న మంచు రేకులు మాయం కావచ్చు. అవి విడివిడిగా కనపడాలంటే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 1/500 దాకా, గీతల్లా కావాలంటే 1/60 చుట్టుపక్కల పెట్టండి.

చోటు మాటకొస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని తీస్తూనే ఉన్నారు. అద్దం మీద చెమ్మ, దాని వెనక వంకర తిరిగిన ఒక చెట్టు. నేనూ నాలుగైదు చోట్లకే మళ్లీ మళ్లీ వెళ్తాను. నిన్న ఎలా ఉందో తెలిసినవాళ్లకే ఇవాళ ఏం మారిందో కనపడుతుంది.

అపోహ: చలికి పక్షులు కదలవు, దగ్గరికి వెళ్లి తీయొచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. చిన్న పక్షులు ఒక్క చలి రాత్రిలోనే ఒంటి బరువులో పదోవంతు దాకా కోల్పోగలవు. చిన్నదైపోయిన పగటిలోనే ఆ లోటు తిండితో పూడ్చుకోవాలి. మనం ఒకసారి లేపితే ఎగరడానికి ఖర్చయిన శక్తి మనం తెచ్చివ్వలేం. పక్షి తినడం ఆపి మనవైపు చూసిందంటే దూరం చాలదని అర్థం, రెండడుగులు వెనక్కి వేయండి.

గడ్డకట్టిన నీళ్ల మీద నడిచి తీయడం కూడా అంతే. ఆ గడ్డ మందం అంతటా ఒకేలా ఉండదు. నీరు వచ్చి కలిసే చోట, వంతెన కింద, రెల్లు మొలిచిన దగ్గర పలచగా ఉంటుంది, పైన కురిసిన మంచు కప్పేసి ఉంటే అది కంటికి తెలియదు. గట్టు దిగకుండా దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్స్‌తో తీయగలిగినంతే తీస్తాను.