పనసచెక్క మీద తెల్లచుక్క

మా మేనకోడలు తిరుపతి ఎస్వీ సంగీత, నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. మహతి ఆడిటోరియంలో కచేరీ చూసొచ్చిన రాత్రి, "స్టేజీ మీద వీణ ఎంత మెరిసిపోయిందో! నా వీణను ఒక్కసారి అట్లా ఫోటో తియ్యి మామా" అంది. కిటికీలు మూసి, ఎల్‌ఈడీ లైటు ఎదురుగా పెట్టి తీశాను. వీణకు గుండ్రటి బుర్రలా ఉండే కుండ మీద తెల్లచుక్క, వెనక గోడకు క్యాలెండరు. అంతే వచ్చింది.

క్యాలెండరుతో పేచీ త్వరగానే తీరింది. చిన్న లైటు నుంచి దూరం రెట్టింపైతే అందే వెలుతురు నాలుగో వంతే. లైటును వీణకు అరమీటరు దగ్గరికి జరిపాను. గోడ లైటుకు 2 మీటర్ల దూరంలో ఉంది, అంటే నాలుగింతలు. దానికి దక్కేది పదహారో వంతు. వీణకు సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే గోడ చీకట్లో కలిసిపోయింది. నల్లగుడ్డ కొనే ఖర్చు మిగిలింది.

తెల్లచుక్క మాత్రం ఏడిపించింది. వీణను చేసిన పనసచెక్కకు పూసిన వార్నిష్ అద్దంలాంటిదే. కుండేమో ఉబ్బెత్తు. బైకు అద్దంలో లారీ చిన్నదైపోయినట్టు, లైటు అందులో చుక్కంత అవుతుంది. పవర్ పెంచితే చుక్క ఇంకా తెల్లబడుతుందే తప్ప కుండ గుండ్రదనం కనబడదు. చుక్క పెరగాలంటే లైటే పెద్దది కావాలి. లైటును పక్కకు జరిపి, దాని ముందు మా నాన్న తెల్లపంచె వేలాడదీశాం. ఇప్పుడు వార్నిష్‌లో కనబడేది పంచె. చుక్క పోయి, కుండ అంచున నెలవంకలాంటి చార వచ్చింది.

ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే వదిలే పోలరైజర్ ఫిల్టరుతో ఆ మెరుపును తీసేయొచ్చు కూడా. ఉపరితలానికి లంబంగా గీసిన గీతకు సుమారు 56 డిగ్రీల వాలులో చూస్తే వార్నిష్ మెరుపు దాదాపు మాయమవుతుంది; ఇత్తడి మెరుపు మాత్రం అట్లా లొంగదు. నేను తిప్పి చూశాను. మెరుపు పోయిన వీణ వంటింటి పీటలా కనబడింది. ఫిల్టరు తీసి పక్కన పెట్టాను.

వీణ పొడవాటి మెడ, అంటే దండి మీద మైనంలో నిలిపిన 24 ఇత్తడి మెట్లది ఇంకో తంతు. ఒక్కో మెట్టూ దండికి అడ్డంగా ఉండే సన్నటి కడ్డీ. కడ్డీకి అడ్డంగా వచ్చే వెలుతురే దాని పొడవునా గీతలా మెరుస్తుంది. కొస నుంచి వస్తే అవతలి వైపుకు జారిపోతుంది. పక్కనున్న లైటు సరిగ్గా కొస నుంచే పడుతోంది. ఇంకో లైటు తెచ్చి, దండి కొసనున్న యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) ముఖం వెనక పెట్టి, కుండ వైపు నుంచి తీస్తే 24 గీతలూ ఒక్కసారిగా వెలిగాయి!

"స్టేజీ మీద నీలం కూడా ఉంది కదా" అంది. రెండు లైట్లకూ నీలం జెలటిన్ కాగితం చుట్టాం. మెట్లు ఇత్తడివంటే ఎవరూ నమ్మరు. తెల్లటి వెలుతురులో ఎరుపు, ఆకుపచ్చలను ఎక్కువగా తిప్పికొట్టి, నీలాన్ని కొంత మింగడం వల్లే ఇత్తడికి ఆ పసుపు. ఉన్నదంతా నీలమే అయితే పసుపు ఎక్కడినుంచి తెస్తుంది? వార్నిష్ మెరుపుకు ఈ గొడవ లేదు, ఏ రంగు వస్తే ఆ రంగే పంపిస్తుంది. అందుకే పంచె వెనక నీలం ఉంచి, యాళి దగ్గర తెలుపే వదిలేశాం.

చివరగా సాంబ్రాణి. పొగ కణాలు వెలుతురును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి కాబట్టి, కెమెరాకు ఎదురొచ్చే కిరణమే బాగా కనబడుతుంది. ఫోటో కుదిరింది. ఈలోపు తను తీగ మీటి మొహం చిట్లించింది.

"మామా, సారణి దిగింది."

మూసిన గది వేడికి సారణి, అంటే మొదటి ఉక్కుతీగ, కాస్త సాగి, బిగువు తగ్గింది. తను తీగ బిగించే బిరడ తిప్పుకుంటూ కూర్చుంది. నేను దగ్గుకుంటూ కిటికీలు తెరిచాను.