పేరయ్య నడిచిన దారి: తెలుగు సంఘాల్లో పాత, కొత్త పద్ధతుల వాదనకు నేపథ్యం

ఆరాధనలో పాత పాటల పుస్తకమైన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే పాడాలా, కీబోర్డు, డ్రమ్ములతో కొత్త పాటలు పాడవచ్చా, సువార్తకు ఊరూరా తిరగాలా, యూట్యూబ్ ప్రసంగాలు సరిపోతాయా అన్న వాదన తెలుగు సంఘాల్లో పెద్దలకూ యువతకూ మధ్య సాగుతూనే ఉంది. దీని మూలాలు చాలా వెనుక ఉన్నాయి.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ భాష నేర్చుకొని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ బడిని నమ్ముకున్నాడు. పై కులాల పిల్లలకు చదువు చెబితే వారి ద్వారా సువార్త కిందికి పాకుతుందని ఆయన ఆశించాడు గానీ, ఆ బడి నుంచి బాప్తిస్మానికి వచ్చినవారు కొద్దిమందే.

ఒంగోలులో కథ మరోలా నడిచింది. ఒక గురువు దగ్గర యోగసాధన చేసి, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువులున్న పల్లెలన్నిటికీ సువార్త మోసుకెళ్లాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ బంధుత్వాల దారినే అనుసరించాడు. మాదిగలు మాదిగలుగానే, కుటుంబాలుగా సంఘంలోకి రావడాన్ని ఆయన అడ్డుకోలేదు. అయితే చచ్చిన పశువుల మాంసం తినకూడదనీ, విగ్రహారాధన మానాలనీ, ఆదివారం పని చేయకూడదనీ పట్టుబట్టాడు. దాంతో జాతర్లలో డప్పు ఆగింది. ఊరి పెద్దల కోపం ఆ పల్లెల మీద పడింది. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న ప్రశ్నకు మూల్యం చెల్లించింది పల్లెవాళ్లే. ఈ సంగతి మన చరిత్రల్లో తగినంతగా కనబడదని నా అభిప్రాయం.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని పనీ కూలీ కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఆపాడు. బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

పాట విషయానికొస్తే, క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలే ఇప్పటి సంప్రదాయానికి పునాది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య భజనలను, దేశీయ పద్ధతులను ప్రోత్సహించాడు. దోర్నకల్ కథెడ్రల్‌లో గుడి, మసీదుల నిర్మాణరీతులు రెండూ కనిపిస్తాయి. ఆ తర్వాత సువార్తికుడు భక్త్‌సింగ్ మొదలుపెట్టిన సహవాసాలు (సంఘాలు) చాపల మీద కూర్చొనే ఆరాధనను, అందరూ కలిసి తినే ప్రేమవిందును తెచ్చాయి.

2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూతపడినప్పుడు ఆరాధన ఫోన్లలోకి చేరింది. మంచంలో ఉన్నవారికి, దుబాయి, అమెరికాల్లోని మనవాళ్లకు అది నేటికీ మేలే. అయినా పల్లెల్లో బైబిలు స్త్రీలు (బైబిలు బోధించే సంఘ సేవికలు) గడప గడపకూ వెళ్లి చేసిన పనిని తెర ఇంకా అందుకోలేదు. పెద్దల అభ్యంతరాల్లో నాకు బలంగా తోచేది ఇదే. పాటల పద్ధతి మీద ఉన్నంత పట్టు ఆ సందర్శన మీద కూడా ఉంటే, వారి మాటకు యువతలో మరింత విలువ వస్తుంది.