20 మార్కుల దగ్గర తెగిన నమ్మకం

ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఏడాది పరీక్షలన్నీ ఒకేచోట రాయించడానికి 2025-26లో ప్రవేశపెట్టిన అసెస్‌మెంట్ పుస్తకాలపై ఉపాధ్యాయ సంఘాలు చెబుతున్న అభ్యంతరం పైకి పనిభారం గొడవలా కనిపిస్తుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల బడుల్లో తెలుగు చెప్పేవారి కినుకకు మాత్రం మూలం ఈ పుస్తకాలకంటే పాతది. అది 2019లో ఉంది. ఇంగ్లీషు మాధ్యమం వివాదం రేగింది ఆ ఏడాదే అయినా, దాని సంగతి అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ ఎత్తుకోవడం లేదు. దాని చాటున పెద్దగా చర్చ లేకుండా జరిగిపోయిన మరో నిర్ణయం ఉంది: పదో తరగతిలో బడి ఉపాధ్యాయులే వేసే 20 అంతర్గత మార్కుల రద్దు.

బడుల్లో ఏది, ఎలా నేర్పాలో చెప్పే రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 తరువాత వచ్చిన తెలుగు వాచకాలు పాఠం చివర ‘అవగాహన-ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’, ‘ప్రాజెక్టు పని’ అంటూ అభ్యాసాల తీరునే మార్చేశాయి. పద్యం అప్పజెప్పించుకుని ప్రతిపదార్థం రాయించడంలో ఆరితేరిన పండితులు మొదట చిరాకుపడ్డారన్నది దాచవలసిన విషయం కాదు. అయితే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాల గురించి ఇంటి పెద్దలను అడిగి రాసుకురమ్మనడానికి, శ్రీకాళహస్తి కలంకారీ పనివారి మాటలను సేకరింపజేయడానికి ఆ పద్ధతిలో చోటుంది. ఇంట్లో తమిళం మాట్లాడే నగరి, సత్యవేడు పిల్లల తెలుగును ఎక్కడినుంచి మొదలుపెట్టాలో విజయవాడలో కూర్చున్నవారికంటే ఆ తరగతి ఉపాధ్యాయునికే బాగా తెలుస్తుంది. పిల్లల చదువును ఏడాది పొడవునా అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా పబ్లిక్ పరీక్షకు 80, బడిలో వేసే మార్కులకు 20 అని విభజించినప్పుడు ఆ తెలివిడికి తొలిసారి విలువ దక్కింది.

ప్రైవేటు బడులు ఆ ఇరవైకి ఇరవై ఉదారంగా వేసుకుంటున్నాయన్నది రద్దుకు చెప్పిన కారణం. ఆ ఆరోపణ అబద్ధం కాదు. కానీ వేసిన మార్కులను తనిఖీ చేసే ఏర్పాటును పటిష్ఠం చేయకుండా, వేసే అధికారాన్నే అందరి దగ్గరా తీసేసుకున్నారు.

విచిత్రమేమంటే, కరోనాతో 2020, 2021 పదో తరగతి పరీక్షలు రద్దయ్యాక గ్రేడ్లు కట్టడానికి ప్రభుత్వం మళ్లీ ఆశ్రయించింది బడిలో పెట్టిన అంతర్గత పరీక్షల మార్కులనే. నమ్మకానికి పనికిరావన్న మార్కులు ఆపద్ధర్మంగా పనికొచ్చాయి. ఆపద తీరాక మళ్లీ పక్కకు పోయాయి.

ఏడాది పరీక్షలన్నీ ఒకే పుస్తకంలో ఉంటే పిల్లల ప్రగతి తల్లిదండ్రులకు కనిపిస్తుందని విద్యాశాఖ అంటోంది. తెలుగు ఉపాధ్యాయుడు అడిగేది వేరు: ఆ పుస్తకంలో రాయించే ప్రశ్నను, నగరిలోనో కుప్పంలోనో తన ముందు కూర్చున్న పిల్లలను చూసి, తానే తయారు చేసుకోవచ్చునా?