గేట్లు ఎత్తకముందే అడగండి

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, ఒక చానల్లో ఒకలా, ఇంకో చానల్లో ఇంకోలా చెబుతున్నారు, ఏది నమ్మాలి?" అన్నారు. ఈలోగా మీ నాన్న మధ్యలో దూరి తన పార్టీ గొడవ మొదలెట్టాడు, ఇక మన మాట ఎక్కడ సాగుతుంది? అందుకే రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకుండా, పరీక్షలు లేని రోజు చూసుకుని చదవండి.

ఏ చానల్ నమ్మాలన్నది నాకంత పెద్ద ప్రశ్న కాదు. మన రాష్ట్రంలో ఏ పేపరు ఎవరివైపో, ఏ చానల్ ఎవరి పాట పాడుతుందో టీ కొట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తెలిసినదానితో పెద్దగా మోసపోము. నాకు ఒళ్లు మండేది ఇంకో దగ్గర. ప్రభుత్వం చేసే ఏ పని గురించైనా వార్త రెండుసార్లే వస్తుంది, కొబ్బరికాయ కొట్టినప్పుడు ఒకసారి, కొట్టుకుపోయినప్పుడు ఇంకోసారి. మొదటిసారి పొగడ్తలు, రెండోసారి తిట్లు. మధ్యలో పని నడుస్తుంది చూశారూ, కొలవడానికీ అడగడానికీ ఆపడానికీ వీలున్న కాలం, అప్పుడు మాత్రం కెమెరా ఉండదు, ప్రతిపక్షం ఉండదు, నిజం చెప్పాలంటే మనమూ ఉండము.

మన కాలవల సంగతే చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయిందనీ, ఇప్పుడున్న బ్యారేజీ 1982కి తయారైందనీ, దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి 10 లక్షల ఎకరాల పైనే సాగవుతుందనీ స్కూల్లో చెప్పే ఉంటారు. చెప్పనిది ఒకటుంది. దాళ్వా పంటకి, అంటే రెండో పంటకి, నీళ్ల అవసరం తీరాక, ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. వానాకాలం సార్వాకి మళ్లీ జూన్‌లో వదులుతారు. పూడిక తియ్యాలన్నా, లాకులు బాగుచెయ్యాలన్నా, గట్లు బలపరచాలన్నా ఆ కొద్ది వారాలే గతి. ఆఫీసుల్లో వీటిని క్లోజర్ పనులంటారు. అంచనాలు వేసి, పైకి పంపి, మంజూరు తెప్పించుకుని, టెండర్లు పిలిచి, అవి ఖరారయ్యేసరికి చాలా ఏళ్లు మే నెల సగం దాటిపోయేది. మెషిన్ దిగిన పది రోజులకే నీళ్లు వదిలే తేదీ ముంచుకొచ్చేది. ఒకసారి నీళ్లొచ్చాక కింద ఎంత లోతు తీశారో ఎవడు చూడొచ్చాడు? ఎం-బుక్‌లో, అంటే ఇంజనీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, ఎంత రాస్తే అంత లోతు. ఆ లెక్క మీదే బిల్లు.

నేను కొన్నాళ్లు రైతుల నీటి సంఘంలో టీసీ మెంబరుగా, అంటే సంఘం పరిధిలో ఒక భాగానికి ప్రతినిధిగా, ఉన్నాను, మీకు తెలీదు. ఈ సంఘాలు 1997లో వచ్చిన చట్టంతో మొదలయ్యాయి, మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలు లేక పడుకున్నాయి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టారు. అప్పట్లో ఒక వేసవి మా ఊరి డ్రెయిన్‌లో, అంటే చేల మురుగు దిగే కాలవలో, పూడికతీత పని వచ్చింది. మెషిన్ రాకముందే మేం నలుగురం ఒక సరుగుడు గెడకి అడుగుకొక గాటు పెట్టి, మూడు చోట్ల దింపి చూశాం. బురద ఉన్నంత మేర గెడకి నల్లగా జిగురు అంటుకుంటుంది, గట్టి నేల తగలగానే ఆగిపోతుంది, చేతికి తెలుస్తుంది కూడా. ఆ కొలతలు నోటు పుస్తకంలో రాసి, అక్కడికొచ్చిన ఇంజనీరు గారిని సంతకం పెట్టమన్నాం. ఆయన పెట్టలేదు, అలాగని కాదనీ అనలేదు. కాంట్రాక్టరు మనిషి మాత్రం "ఏంటండీ ఇది, మా మీద నమ్మకం లేదా అండీ" అని నవ్వాడు. పని అయ్యాక మళ్లీ దింపాం. రెండు చోట్ల గెడ నిజంగానే కిందకి దిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, అక్కడ బాగానే తీశారు. మూడో చోట, వంతెన కింద, మెషిన్ చెయ్యి అందని దగ్గర, వేలెడు కూడా తేడా లేదు. నీళ్లు ఎగదన్నేది సరిగ్గా అక్కడే! తీసిన గుర్రపుడెక్కంతా, అదే నీళ్ల మీద పెరిగే కలుపు, గట్టు మీదే కుప్ప పోసి వెళ్లారు, జూలై వానలకి అందులో సగం మళ్లీ డ్రెయిన్‌లోకే జారింది. ఆ ఏడు బిల్లులో కొంత కోత పెట్టారని విన్నాను. ఎంతో చూపించే కాగితం మాత్రం నా కంట పడలేదు.

ఇంతోటి మురుగు కాలవకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అని చెప్పి సార్వా నాట్లే మానేశారు. గిట్టుబాటు ధర రాకపోవడం ఒక కారణం, మురుగు దిగక చేలు మునగడం ఇంకో కారణం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది, కమిటీ వచ్చి చూసి సిఫార్సులు రాసిచ్చింది. 2022లో కోనసీమలో మళ్లీ అదే పంట విరామం మాట, దాదాపు అవే కారణాలు. మధ్యలో ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండు ముక్కలైంది, గుర్రపుడెక్క మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా ఉన్నచోటే ఉంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీళ్లు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడులయ్యాక పెద్దవాళ్లు కార్లేసుకుని వచ్చి చూశారు, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. కొబ్బరి చెట్టు ఒక్క రోజులో చచ్చిపోదు కదా నాన్నా.

ఇప్పుడు పెద్ద పనికొద్దాం. పోలవరం. 1981లో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య గారు శంకుస్థాపన చేశారు, 2004 తర్వాత గానీ పని ఊపందుకోలేదు, 2014 విభజన చట్టంలో జాతీయ ప్రాజెక్టు అన్నారు. పూర్తయ్యే ఏడు 2018 అన్నారు, తర్వాత 2021 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. ఇందులో నది అడుగున, భూమి లోపల వందల కోట్లు పోసి కట్టిన డయాఫ్రం వాల్, అంటే డ్యామ్ కింద నీళ్లు ఊరిపోకుండా ఆపే గోడ, వరదలకి దెబ్బతింది. పని చోటుకి నీళ్లు రాకుండా ఆపే తాత్కాలిక కట్టలు, కాఫర్ డ్యాములు, పూర్తి చెయ్యకుండా ముందు గోడ కట్టడమే తప్పని ఒకరు, కాంట్రాక్టరుని మార్చి పని పడుకోబెట్టడం వల్లే పోయిందని ఇంకొకరు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పేది వింటే ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది, నాకైతే అలాగే అనిపిస్తుంది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది. పాత గోడకి పెట్టిన డబ్బు ఎవరి జేబులోంచి పోయిందో చెప్పక్కర్లేదు. ఎవరి జీతం ఆగింది, ఎవరి మీద వసూలు పెట్టారు అని అడిగి చూడండి, అప్పుడు చర్చ టక్కున ఇంకో విషయానికి మారిపోతుంది.

పోలవరం "పూర్తి" అనే వార్త రేపు ఎప్పుడో వస్తుంది, అప్పుడు మీరు పెద్దవాళ్లై ఉంటారు. ఆ రోజు ఒక్క సంగతి చూడండి, ఏ ఎత్తున పూర్తి? 45.72 మీటర్ల దాకా నీళ్లు నిలబెడితేనే 194 టీఎంసీలు. మొదటి దశ అని చెబుతున్నది 41.15 మీటర్లు. ఆ రెండు ఎత్తుల మధ్య మునిగే ఊళ్లున్నాయి, వాళ్లకి ఇవ్వాల్సిన ఇళ్లూ పరిహారమూ ఉన్నాయి. రిబ్బన్ కట్ చేసే ఫొటోలో ఈ తేడా కనపడదు.

ఇంకో అలవాటు చెబుతాను, "విచారణకు ఆదేశించారు" అన్న వార్త చూస్తే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. మీ మామ్మ ఆ రోజు వెళ్దామని పట్టుబట్టింది, బస్సు దొరక్క ఆగిపోయాం, అది వేరే సంగతి. జస్టిస్ సోమయాజులు కమిషన్ వేశారు. నివేదిక అసెంబ్లీ ముందుకొచ్చేసరికి 2018. మీడియా ప్రచారమూ, జనం మొదటి రోజే ఎగబడడమూ కారణాలుగా తేల్చారు. ఇంత జనం వస్తారని తెలిసీ దారులు సరిగ్గా పెట్టని వాళ్లు ఎవరన్నది అలాగే ఉండిపోయింది. మళ్లీ పుష్కరాలు 2027లో ఉన్నాయి, రేవుల్లో టైల్స్ ఎన్ని వేశారో రోజూ వార్త వస్తుంది. రద్దీ ఎక్కువైతే జనాన్ని ఏ దారిన బయటికి పంపుతారో ఎవరైనా ఇప్పుడే అడిగితే బాగుండును.

మీకు కాగితాలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పాలి కదా. జీవోలు, అంటే ప్రభుత్వ ఉత్తర్వులు, ఒకప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టేవారు, ఎవడైనా తీసి చదువుకునేవాడు. 2021 ఆగస్టులో పెట్టడం ఆపేశారు. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం మళ్లీ పెడతామంది. మంచిదే, కానీ ఇచ్చిన చెయ్యే తీసుకోగలదని మధ్యలో మూడేళ్లు చూశాం గనక నేను మరీ పొంగిపోను. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్ల ఆడిట్ నివేదికలు ఉన్నాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన చదువు అదే, నవ్వకండి, ఒక్క విశేషణం లేకుండా ఎంత డబ్బు ఎక్కడ ఇరుక్కుందో రాస్తారు. చిక్కల్లా అవి వచ్చేసరికి పని అయిపోయి ఏళ్లు గడుస్తాయి.

పని నడుస్తున్నప్పుడు అడగడానికి మన చేతిలో ఉన్నది సమాచార హక్కు చట్టం, 2005 నాటిది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్. ఆలస్యానికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఆ అధికారే కట్టాలని రాసుంది. చాలామందికి తెలియని సంగతి, ఈ చట్టం కింద కాగితాలే కాదు, జరుగుతున్న పనిని వెళ్లి చూడొచ్చు, వాడుతున్న సామాను శాంపిల్ కూడా అడగొచ్చు. సిమెంటు రోడ్డు వేస్తుంటే నిలబడి చూసే హక్కు మనకుంది, "మీకేం పని" అనే హక్కు వాళ్లకి లేదు.

అలాగని ఇది మంత్రదండం అనుకోకండి. కమిషన్‌కి వెళ్లిన అప్పీలు ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇందులో వ్యక్తిగత సమాచారం అన్న క్లాజుని ఇంకాస్త బిగించింది, రేపు "ఇది వ్యక్తిగతం" అని దేనికి తలుపు వేస్తారో చూడాలి. ఊళ్లో అయితే ఇంకో టెన్షన్, దరఖాస్తు పెట్టినవాడు ఫలానా పార్టీ వాడని సాయంత్రానికల్లా ముద్ర పడుతుంది. నాకు ఇప్పటికి అన్ని రంగుల ముద్రలూ పడ్డాయి గనక కొత్తగా పోయేదేమీ లేదు.

ధాన్యం సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, మద్దతు ధర పెరిగిందని పేపర్లో చదివినవాడు కళ్లంలో 17 శాతం తేమ దగ్గర ఎంత తరుగు పోతుందో చూస్తే అదో పెద్ద కథ. వరదల టైములో మీ గ్రూపుల్లో తిరిగే వీడియోల గురించి మాత్రం ఇప్పుడే చెబుతాను. గట్టు తెగిందనగానే ఫార్వర్డ్ చెయ్యకండి, ముందు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో చూడండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పది అడుగులు కూడా లేనప్పుడు లంకలన్నీ మునిగిపోయాయని వీడియో వచ్చిందంటే అది ఏ 2022 జూలై నాటిదో అయ్యుంటుంది.

సరే, ఇప్పుడు అసలు పని. కాలవలు కట్టేది ఏప్రిల్‌లో, జవాబుకి వాళ్లకి 30 రోజుల గడువు. మేలో అడిగితే జవాబు వచ్చేసరికి గేట్లు ఎత్తేస్తారు. అందుకని ఫిబ్రవరి ఆఖర్లోనే పెట్టాలి. కిందటేడు మన డ్రెయిన్ మీద జరిగిన పనికి ఎం-బుక్ నకలు, పనికి ముందూ తర్వాతా తీసిన లెవెల్స్ (అడుగు ఎత్తుల కొలతలు), చెల్లించిన బిల్లు, ఈ ఏడు వేసిన అంచనా, ఈ నాలుగే అడగండి. "డ్రెయిన్ ఎందుకు బాగుచెయ్యలేదు" లాంటి ప్రశ్న రాయకండి, ఎందుకు అంటే వాళ్లు కథ రాస్తారు, కాగితం అడిగితే కాగితం ఇవ్వాలి. నా చేతిరాత ఇప్పుడు వణుకుతోంది, మీరిద్దరూ కూర్చుని నీటుగా రాసి ఫొటో తీసి పంపండి, సంతకం నేను పెట్టి రిజిస్టర్ పోస్టు చేస్తాను. మీ నాన్నకి ఇప్పుడే చూపించకండి, ఆ కాంట్రాక్టరు వాళ్ల పార్టీ వాడే.

మీ తాతయ్య